ప్రభుత్వాన్ని తగ్గించాలంటే: పగలగొట్టాలా, పక్కన ఇంకోటి కట్టాలా?

#1 · నిడుబ్రోలు_కుర్రాడు

అందరికీ నమస్కారం. ఇక్కడ ఎప్పుడు చూసినా "సర్కారు జోక్యం తగ్గాలి" అని కొందరు, "తగ్గితే పేదోడి గతేంటి" అని కొందరు. సరే, తగ్గాలనే అనుకుందాం. ఎలా తగ్గుతుంది? కుర్చీలో కూర్చున్నవాడు తన అధికారాన్ని తానే ఎందుకు కోసుకుంటాడు? దీని మీద మాత్రం ఎవరూ నోరు విప్పరు.

నాకు తెలిసిన దారి పార్టీ పెట్టడం ఒక్కటే. మా ఊరి మనిషే కాబట్టి రైతు నాయకుడు ఎన్.జి. రంగా గారి కథ చిన్నప్పటి నుంచి వింటున్నాను. 1959 జనవరిలో నాగపూర్‌లో కాంగ్రెస్ ఉమ్మడి సహకార సేద్యం తీర్మానం చేసింది. గట్లు చెరిపేసి పొలాలు కలిపేస్తారని రైతులు భయపడ్డారు. రంగా గారు కాంగ్రెస్‌లోంచి బయటికొచ్చి, రాజాజీ, మినూ మసానీలతో కలిసి అదే ఏడాది స్వతంత్ర పార్టీ పెట్టారు. ఆయనే అధ్యక్షుడు. 1962లో లోక్‌సభలో 18 సీట్లు. 1967లో 44, ప్రతిపక్షంలో అదే పెద్ద పార్టీ. 1971లో 8. 1974లో చరణ్ సింగ్ పెట్టిన భారతీయ లోక్‌దళ్‌లో కలిసిపోయింది. రంగా గారు చివరికి కాంగ్రెస్ గూటికే చేరి గుంటూరు ఎంపీగా గెలిచారు.

పదిహేనేళ్లలో దుకాణం కట్టేసినట్టే. పార్టీ కాకపోతే ఇంకేం దారులున్నాయి? తిట్టుకోకుండా చెప్పండి.

#2 · డల్లాస్_మామ

తమ్ముడూ, ఆ దారికి తలుపు మూసి తాళం వేశారు, నీకెవరూ చెప్పలేదా? 1989 నుంచి ప్రజాప్రాతినిధ్య చట్టం 29ఏ సెక్షన్ కింద పార్టీని రిజిస్టర్ చేయించాలంటే సోషలిజం సూత్రాలకు కట్టుబడి ఉంటామని రాసివ్వాలి. మార్కెట్ కావాలనే పార్టీ కూడా సోషలిజం మీద ఒట్టు పెట్టుకునే పుట్టాలి! మహారాష్ట్ర రైతు నాయకుడు శరద్ జోషి రాజ్యసభలో ఉన్నప్పుడు ఆ మాట తీసేయాలని ప్రైవేటు బిల్లు పెట్టారు. ముందుకు సాగలేదు.

అసలు చట్టాన్ని బతిమాలడమే దండగ అంటాను. లైసాండర్ స్పూనర్ అని మసాచుసెట్స్ లాయర్, బానిసత్వాన్ని గట్టిగా ఎదిరించిన మనిషి. 1844లో బోస్టన్ నుంచి న్యూయార్క్‌కు ఒక ఉత్తరం పంపాలంటే సర్కారు తపాలాకు 18 సెంట్ల పైనే కట్టాలి. ఈయన సొంతంగా తపాలా కంపెనీ పెట్టి డాలరుకు 20 స్టాంపులు అమ్మాడు, అంటే ఉత్తరానికి 5 సెంట్లు. చాటుగా కాదు, పత్రికల్లో ప్రకటనలిచ్చి మరీ. అమెరికన్ కాంగ్రెస్‌కు, అంటే అక్కడి పార్లమెంటుకు, తపాలా నడిపే అధికారం ఉంది కానీ, ఇతరులను ఆపే అధికారం రాజ్యాంగంలో ఎక్కడుందని సవాలు చేశాడు.

1970ల్లో శామ్యూల్ కాన్‌కిన్ ఈ ధోరణికే అగోరిజం అని పేరు పెట్టాడు. ఓటు వేయకు, పార్టీ పెట్టకు, సర్కారు కంటపడని లావాదేవీలు పెంచుకుంటూ పో, పన్ను రాక అది దానంతటదే ఎండిపోతుంది అంటాడు. ఇప్పుడు బిట్‌కాయిన్ వచ్చాక ఇది ఇంకా సులువు.

#3 · ఎర్రబస్సు

మామా, కథ సగంలో దిగిపోయారు. మిగతా సగం నేను చెప్తా.

1845లో అమెరికన్ కాంగ్రెస్ 300 మైళ్ల లోపు ఉత్తరానికి రేటు 5 సెంట్లకు దించింది. అదే చట్టంలో ప్రైవేటు తపాలా నడిపేవాళ్ల మీద జరిమానాలు బిగించింది. 1851లో రేటు 3 సెంట్లు చేసింది. స్పూనర్ కంపెనీ మూతపడింది. జనానికి చవక తపాలా దక్కింది, సంతోషం. కానీ ప్రభుత్వం చిక్కిపోలేదే! గుత్తాధిపత్యం ఇంకా గట్టిపడింది.

ఇక సర్కారు కంటపడని వ్యాపారం సంగతి. మన దేశంలో బిల్లు లేకుండా నడిచే వ్యాపారానికి కొదవా? ఆ లెక్కన ప్రభుత్వం ఈపాటికి ఎండిపోయి ఉండాలి. ఏ బజారుకైనా వెళ్లి తోపుడుబండి పక్కన ఒక గంట నిలబడండి. మామూళ్లకు ఎవరొస్తారో, "సార్, ఇవాళ బేరం లేదు" అని ఆ మనిషి ఎలా బతిమాలతాడో చూడండి. కాగితం మీద లేనివాడి దగ్గరే అధికారి ఇంకా పెద్దోడవుతాడు. 2014 వీధి విక్రేతల చట్టం కోసం ఏళ్ల తరబడి కొట్లాడింది ఆ బండ్లవాళ్ల సంఘాలే. వాళ్లు అడిగింది దాక్కునే చోటు కాదు, చేతిలో ఒక సర్టిఫికెట్.

బిట్‌కాయిన్ గురించి వేరే థ్రెడ్ పెట్టుకోండి. నాకు బీపీ ఉంది.

#4 · కొరియర్_బాబు

తపాలా మాట వచ్చింది కాబట్టి నేనూ ఒక చెయ్యి వేస్తా. విజయవాడలో కొరియర్ ఫ్రాంచైజీ నాది.

మన దేశంలో 1898 తపాలా చట్టం 4వ సెక్షన్ ప్రకారం ఉత్తరాలు చేరవేసే హక్కు మొన్నటిదాకా ప్రభుత్వానిదే. కొన్ని మినహాయింపులు తప్పిస్తే మిగతావాళ్లు ముట్టుకోకూడదు. ఆ సెక్షన్ పుస్తకంలో ఉండగానే ఊరూరా కొరియర్ ఆఫీసులు ఎలా వెలిశాయి? మా బుకింగ్ స్లిప్ చూసినవాళ్లకు తెలుస్తుంది. అందులో రెండు గడులు ఉంటాయి: డాక్స్, నాన్-డాక్స్. డాక్స్ అంటే డాక్యుమెంట్లు. బ్యాంకు చెక్కుబుక్కు, షేర్ సర్టిఫికెట్, పెళ్లి శుభలేఖ, ఇంటర్వ్యూ కాల్ లెటర్... కవర్లో ఏమున్నా టిక్కు అక్కడే. "ఉత్తరం" అన్న గడి ఏ స్లిప్పులోనూ ఉండదు. కొత్త కుర్రాణ్ణి కౌంటర్లో కూర్చోబెడితే నేర్పే మొదటి పాఠం అదే. "లోపల ఉత్తరం ఉందా అని అడగకు, డాక్స్ అని రాసెయ్."

ప్రభుత్వ ఆఫీసులవాళ్లు కూడా మా దగ్గరే బుక్ చేసేవాళ్లు. అలాంటప్పుడు ఎవడిని పట్టుకుంటారు? కొంత బరువులోపు ఉత్తరాలు తపాలా శాఖకే ఉంచాలని 2006 ప్రాంతంలో ఒక ప్రతిపాదన వచ్చింది. మాకందరికీ టెన్షన్ పట్టుకుంది. గొడవైంది, ఆగిపోయింది. చివరికి 2023లో కొత్త తపాలా చట్టం తెచ్చారు, 2024 జూన్ నుంచి అమల్లో ఉంది. అందులో ఆ గుత్త హక్కు మాటే లేదు. చప్పుడు చేయకుండా తీసేశారు.

కాబట్టి ఎర్రబస్సు గారూ, అమెరికాలో బిగించారు, ఇక్కడ వదిలేశారు. తేడా ఎక్కడంటే స్పూనర్ సవాలు చేశాడు, మేం చేయలేదు. మా మీద లక్షలమంది ఆధారపడ్డాక చట్టమే మా వెనకాల నడిచొచ్చింది.

#5 · ఎర్రబస్సు

బాబు గారూ, స్లిప్పు కథ అదిరింది. అయితే అదే 2023 చట్టంలో దేశ భద్రత, శాంతిభద్రతల పేరుతో పార్శిల్‌ని మధ్యలో ఆపి విప్పి చూసే అధికారం అట్టే పెట్టుకున్నారు కదా. మోసే పని వదిలేసి, విప్పే అధికారం ఉంచుకున్న ప్రభుత్వం బలహీనపడిందా, తెలివిమీరిందా?

#6 · అర్థశాస్త్రం_మేడం

మంచి చర్చ. డిగ్రీ కాలేజీలో పాఠం చెప్పే అలవాటు వల్ల పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

ఈ బాపతు వ్యూహాలు ప్రపంచంలో మూడు నాలుగు చోట్ల నిజంగా పరీక్షకు నిలబడ్డాయి. మొదటిది ఆలోచనలు మార్చే పని. 1945లో ఆంటొనీ ఫిషర్ అనే బ్రిటిష్ వైమానిక దళం మాజీ పైలట్, రాజకీయాల్లోకి వెళ్తానని మార్కెట్‌ను సమర్థించే ఆర్థికవేత్త హాయెక్ దగ్గరికి వెళ్లాడు. వద్దు, ముందు మేధావుల బుర్రలు మార్చు, రాజకీయ నాయకులు వాళ్ల వెనకే వస్తారు అన్నాడాయన. ఫిషర్ కోళ్ల ఫారాలు పెట్టి, బ్రాయిలర్ వ్యాపారంలో సంపాదించి, 1955లో లండన్‌లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎకనామిక్ అఫైర్స్ పెట్టించాడు. (కోళ్ల ఫారాల డబ్బుతో రాజకీయం మనకూ కొత్తేం కాదు, కాకపోతే ఇక్కడ ఆ డబ్బు పుస్తకాల దాకా రాదు.) ఫలితం కనబడటానికి పాతికేళ్లు పట్టింది, 1979లో థాచర్ ప్రధానిగా వచ్చేదాకా.

రెండోది నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించేది. ఒక పథకాన్ని రద్దు చేస్తానంటే లబ్ధిదారులు రోడ్డెక్కుతారు. అందుకని వాళ్లనే యజమానులను చేసేయడం. ఆడమ్ స్మిత్ ఇన్‌స్టిట్యూట్‌లో మాడ్సెన్ పిరీ వంటివాళ్లు దీన్ని ఒక శాస్త్రంలా నూరిపోశారు. 1980 చట్టంతో బ్రిటన్‌లో మునిసిపల్ ఇళ్లలో మూడేళ్లు అద్దెకున్నవాళ్లకు ఆ ఇల్లు కొనుక్కునే హక్కు ఇచ్చారు, మూడో వంతు నుంచి సగం దాకా తగ్గింపు ధరకు. ఆ దశాబ్దంలోనే పది లక్షలకు పైగా ఇళ్లు అమ్ముడయ్యాయి. 1984లో బ్రిటిష్ టెలికాం అమ్మినప్పుడు ఉద్యోగులకూ వాటాలిచ్చారు. లేబర్ పార్టీ తర్వాత అధికారంలోకి వచ్చి కూడా వెనక్కి తిప్పలేదు. కొనుక్కున్నవాడి ఇల్లు లాక్కుంటానని ఏ పార్టీ ఓట్లు అడుగుతుంది?

మూడోది మన పీవీ గారి పద్ధతి. 1991 జులై 24, మన్మోహన్ సింగ్ బడ్జెట్ రోజు. పరిశ్రమల శాఖ పీవీ గారే తన దగ్గర ఉంచుకున్నారు. ఆ రోజే పారిశ్రామిక విధాన ప్రకటన సభ ముందుకొచ్చింది, 18 పరిశ్రమలు మినహా లైసెన్సులు రద్దు. దాన్ని సభలో పెట్టింది ప్రధాని కాదు, సహాయమంత్రి. ప్రకటన మొదలయ్యేది నెహ్రూను తలుచుకుంటూ! నలభై ఏళ్ల విధానాన్ని తిరగేస్తూ, అదే విధానానికి కొనసాగింపు అన్నట్టు రాశారు. మర్నాటి పేపర్లన్నీ బడ్జెట్ గురించే మోగిపోయాయి. లైసెన్సుల రద్దు మీద పెద్ద ఊరేగింపు కూడా లేదు. 1972లో ఇక్కడ ముఖ్యమంత్రిగా భూపరిమితి తెచ్చిన మనిషే ఆయన. రాజాజీ "పర్మిట్-లైసెన్స్ రాజ్" అని ఎంత అరిచినా కదలనిది, అరవని మనిషి కదిపాడు.

నిడుబ్రోలు బాబూ, నీ మొదటి పోస్టులో ఒక లోటుంది. స్వతంత్ర పార్టీ ఓడింది కానీ ఉమ్మడి సేద్యం కూడా రాలేదు కదా? 1970లో బ్యాంకుల జాతీయకరణ చట్టాన్ని సుప్రీంకోర్టు 10-1తో కొట్టేసిన కేసు వేసింది రుస్తుం కూపర్, ఆయన స్వతంత్ర పార్టీ మనిషే. ప్రభుత్వం పరిహారం పెంచి మళ్లీ తెచ్చుకుందనుకో. అయినా ఆస్తిహక్కు తీర్పుల్లో ఆ కేసు ఇప్పటికీ పలుకుతుంది. గెలవని పార్టీలు కూడా కొన్ని పనులు ఆపగలవు.

#7 · ఎర్రబస్సు

మేడం, ఇళ్లు అమ్మగా వచ్చిన డబ్బుతో కొత్తవి కట్టకుండా మునిసిపాలిటీల చేతులు కట్టేసిన సంగతి కూడా పిల్లలకు చెప్పండి. మొదటి తరం అద్దెదారు లాభపడ్డాడు. అతని మనవడు అదే ఇల్లు ప్రైవేటు ఓనర్ దగ్గర అద్దెకు తీసుకున్నాడు.

#8 · సహకారశాఖ_రిటైర్డ్

మీరంతా లండన్, బోస్టన్ తిరుగుతున్నారు. మన దగ్గర 1995లో జరిగింది ఎవరికీ గుర్తు లేనట్టుంది. నేను సహకార శాఖలో ఇన్‌స్పెక్టర్‌గా చేరి అదే శాఖలో రిటైరయ్యాను. అందుకని లోపలి మాట చెప్తాను.

1964 సహకార సంఘాల చట్టం కింద సంఘం పేరుకు సభ్యులది, పెత్తనం శాఖది. పాలకవర్గాన్ని రద్దు చేయొచ్చు, ఎన్నికలు వాయిదా వేయొచ్చు, పర్సన్ ఇన్‌చార్జిని కూర్చోబెట్టొచ్చు. ఇన్‌చార్జి అంటే ఎవరనుకుంటున్నారు? మాలాంటివాళ్లమే. ఒక్కొక్కరి చేతిలో నాలుగైదు సంఘాలు. మంగళవారం ఒకటి, గురువారం ఇంకోటి. వెళ్లేసరికి సెక్రటరీ మినిట్స్ బుక్కు తెరిచి ఉంచేవాడు. తీర్మానం అతనే రాసేవాడు, ప్రతిపాదించినవారు, బలపరచినవారు ఇద్దరి చోటా ఇన్‌చార్జి సంతకమే. ఒక్క మనిషి తనలో తాను చర్చించుకుని ఏకగ్రీవంగా ఆమోదించుకున్నట్టు. ప్రభుత్వం మారితే పాలకవర్గాలు పోయేవి, కొత్త నామినేటెడ్ పెద్దలు వచ్చేవారు. సంఘానికి ప్రభుత్వం వాటాధనం ఇచ్చేది. ఆ వాటాధనమే ముకుతాడు.

దీన్ని మార్చాలని ఢిల్లీలో ప్రణాళికా సంఘం చౌధురి బ్రహ్మప్రకాశ్ కమిటీ వేసింది, 1991లో నమూనా చట్టం రాశారు. ఇక్కడ సహవికాస అనే సంస్థవాళ్లు ఏళ్ల తరబడి వెంటపడ్డారు. వాళ్లు చేసిన తెలివైన పని ఏంటంటే 1964 చట్టాన్ని రద్దు చేయమని అడగలేదు. అడిగి ఉంటే మా శాఖంతా అడ్డుపడేది, ఎమ్మెల్యేలు అడ్డుపడేవారు, జిల్లా బ్యాంకుల చైర్మన్లు అడ్డుపడేవారు. "అది అలాగే ఉండనివ్వండి, దాని పక్కన ఇంకో చట్టం పెట్టండి, ఇష్టమున్నవాళ్లు ఇందులోకి వస్తారు" అన్నారు. అలా వచ్చిందే 1995 పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం, వాడుకలో మ్యాక్స్ చట్టం. ప్రభుత్వ వాటాధనం ఉండదు. పాలకవర్గాన్ని రద్దు చేసే అధికారం ప్రభుత్వానికి లేదు. ఎన్నికలు సంఘమే జరుపుకోవాలి, లాభం వస్తే పంచుకోవాలి, నష్టం వస్తే భరించాలి. దేశంలో ఇలాంటి చట్టం ఇదే మొదటిది. తర్వాత బిహార్, కర్ణాటక, మధ్యప్రదేశ్, ఒడిశా వగైరా అందుకున్నాయి.

చట్టం వచ్చిన కొత్తలో మా ఆఫీసులో దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. "ఎవడొస్తాడు అందులోకి, సర్కారు డబ్బు రాదు కదా" అని నవ్వుకునేవారు.

#9 · హనుమకొండ_సునీత

సార్ చెప్పిన చట్టం కిందనే మా అమ్మ సంఘం ఉంది. మాది ముల్కనూరు దగ్గర ఊరు.

ముల్కనూరు సహకార గ్రామీణ బ్యాంకును 1956లో ఎ.కె. విశ్వనాథరెడ్డి గారు పెట్టిండ్రు. రైస్ మిల్లు, జిన్నింగ్ మిల్లు, విత్తనాల ప్లాంటు అన్నీ సభ్యులవే. వడ్లు అమ్ముకోవడానికి, ఎరువుల బస్తాకు, అప్పుకు రైతు ఒకటే గడప తొక్కుతడు. చట్టం రాకముందు నుంచే సంఘం గట్టిగ నడుస్తున్నది, కాబట్టి అంతా చట్టం పుణ్యమే అనను.

కానీ ఆడవాళ్ల పొదుపు సంఘాలు, పాల డెయిరీ మాత్రం ఆ చట్టం నీడనే పెరిగినయి. మా అమ్మ నెలకు పది రూపాయలతోని మొదలుపెట్టింది. పొదుపు కట్టే తారీకు దాటితే జరిమానా. ప్రెసిడెంటు ఇంట్ల చావు జరిగిన నెల కూడా మినహాయింపు ఇవ్వలేదని అమ్మ ఇప్పటికీ చెప్తది. ఎవరి అప్పైనా వాళ్ల పొదుపును బట్టే, బయటి బ్యాంకు పైసలు తెచ్చి పంచరు. 2000లో ముల్కనూరు మహిళా డెయిరీ మొదలైంది, పాల ప్యాకెట్ పేరు స్వకృషి. ఊరి కేంద్రంల పొద్దుగాల పాలు పోసేటప్పుడు నమూనా తీసి వెన్న శాతం చూసి కార్డు మీద రాస్తరు. శాతం తక్కువొస్తే మా అమ్మ మళ్ల చూడమని కొట్లాడుతది. కొట్లాడొచ్చు, ఎందుకంటే పాలు కొలిచే అమ్మాయికి జీతమిచ్చేది ఈమెనే.

మామ గారూ, మీరు అనేటట్టు మా అమ్మ ప్రభుత్వాన్ని బలహీనం చేయాలని పోలేదు. షావుకారు వడ్డీ తప్పించుకోవాలని పోయింది.

#10 · డల్లాస్_మామ

సునీతమ్మా, బాగుంది, కాదనను. కానీ ఇదంతా ఒక చట్టం దయతో నడుస్తోంది. ఇచ్చిన చెయ్యి రేపు తీసుకోదా? అందుకే నేను రాడికల్ మార్పు కావాలంటాను. లెనార్డ్ రీడ్ అనే అమెరికన్ మార్కెట్‌వాది 1946లో యుద్ధకాలపు ధరల నియంత్రణల గురించి మాట్లాడుతూ, ఒక మీట నొక్కితే అవన్నీ పోతాయంటే ఇప్పుడే నొక్కేస్తా అన్నాడు. అర్జెంటీనా అధ్యక్షుడిగా గెలిచిన మిలేని చూడండి. 2023 డిసెంబరులో గద్దెనెక్కగానే 18 మంత్రిత్వ శాఖలను సగానికి కోశాడు, అద్దె నియంత్రణ చట్టం ఒక్క డిక్రీతో ఎగరగొట్టాడు, బ్యూనోస్ ఎయిరీస్‌లో అద్దె ఇళ్ల ప్రకటనలు వెల్లువెత్తాయి. నెలకు 25 శాతం పెరుగుతున్న ధరలు దారికొచ్చాయి.

#11 · అర్థశాస్త్రం_మేడం

2024 మొదటి సగంలో అక్కడ పేదరికం దాదాపు 53 శాతానికి చేరింది. రెండో సగంలో 38కి దిగింది. రెండు అంకెలూ అధికారిక లెక్కలే. మీట నొక్కడానికి అక్కడి జనం ఒప్పుకున్నారంటే అంతకుముందు ధరలు వాళ్లను ఏ స్థితికి తెచ్చాయో ఆలోచించండి. అలాంటి విసుగు ప్రతి దేశంలో పుట్టదు, పుట్టాలని కోరుకోకూడదు కూడా.

#12 · సహకారశాఖ_రిటైర్డ్

డల్లాస్ గారు అడిగిన "ఇచ్చిన చెయ్యి తీసుకోదా" అన్నది ఊహ కాదు, జరిగింది.

జిల్లాల పాల యూనియన్లు కొన్ని మ్యాక్స్ చట్టంలోకి మారాయి. 2006లో ప్రభుత్వం పాల సంఘాలను ఆ చట్టం నుంచి తప్పించి, మళ్లీ 1964 చట్టం కిందకే వచ్చినట్టు పరిగణిస్తూ సవరణ చేసింది. యూనియన్లు కోర్టుకెక్కాయి. 2007లో హైకోర్టు సవరణను కొట్టేసింది. ప్రభుత్వం వైపు నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2011 సెప్టెంబరులో అక్కడా ఓడిపోయారు. సభ్యులు తమ ఇష్టంతో ఒక రకం సంఘం పెట్టుకున్నాక, వాళ్లను అడగకుండా దాన్ని ఇంకో రకంగా మార్చడం సంఘంగా ఏర్పడే ప్రాథమిక హక్కుకే విరుద్ధమని తీర్పు సారాంశం. మా శాఖలో నవ్వుకున్నవాళ్లు అప్పుడు నవ్వలేదు.

నా లెక్క ప్రకారం అసలు పట్టు ఇక్కడుంది. 1964 చట్టంలో ఉన్నప్పుడు పాలకవర్గాన్ని తీసేస్తే కోర్టుకెళ్లే ఓపిక సభ్యులకు ఉండేది కాదు, పోయేది సర్కారు సొమ్మే కదా అనుకునేవారు. సొంత డబ్బు పెట్టి, దానికి అలవాటుపడ్డాక ఊరుకోలేదు.

ఇంకో సంగతి కూడా చెప్పకపోతే అన్యాయం. అదే మ్యాక్స్ చట్టం కింద డ్వాక్రా మండల సమాఖ్యలను ప్రభుత్వమే వేలకొద్దీ రిజిస్టర్ చేయించింది. కాగితం మీద అవి స్వతంత్ర సంఘాలు. మీటింగ్ ఎప్పుడు, ఎజెండా ఏంటి, ఏ నాయకుడి సభకు ఎంతమంది రావాలి అన్నీ పైనుంచి ఫోన్లో వచ్చేవి. చట్టం ఒక్కటే. డబ్బు ఎవరిదో దాన్ని బట్టి సంఘం ఎవరిదో తేలింది.

#13 · మోడరేటర్

ఏ ప్రభుత్వం, ఏ పార్టీ అని పేర్లు లాగకుండా రాసినందుకు పై సభ్యునికి థాంక్స్. మిగతావారూ అలాగే కొనసాగించండి. ఏ పార్టీ పాలనో చెప్పమంటూ పెట్టిన మూడు పోస్టులు తీసేశాం.

#14 · ఎర్రబస్సు

సునీత చెల్లె పోస్టుకు దండం. కానీ ఒక్క ముల్కనూరు చూపించి మార్కెట్ ప్రత్యామ్నాయం గెలిచిందంటే ఎలా? 2010 గుర్తుందా? పల్లెలకు బ్యాంకు రాలేదు, ప్రైవేటు మైక్రోఫైనాన్స్ వచ్చింది. మార్కెట్ ఖాళీని నింపిందని అందరూ చప్పట్లు కొట్టారు. ఒకే ఆడమనిషికి నలుగురు ఏజెంట్లు నాలుగు అప్పులిచ్చారు. వారం వారం వసూలు. కట్టకపోతే గ్రూపులోని మిగతావాళ్లను ఆమె ఇంటి ముందు కూర్చోబెట్టేవారు. ఆత్మహత్యల వార్తలు వచ్చాయి. 2010 అక్టోబరులో ఆర్డినెన్స్ తెచ్చారు: ఇంటికెళ్లి అడగకూడదు, పంచాయతీ ఆఫీసు లాంటి బహిరంగ చోటే కట్టించుకోవాలి, వాయిదా నెలకొకసారే. ఆ రోజు ఆ ఇంటి గడప ముందు అడ్డంగా నిలబడింది ప్రభుత్వమే. దాన్ని బలహీనపరిచి ఉంటే?

#15 · కొరియర్_బాబు

ఆర్డినెన్స్ వచ్చాక వసూళ్లు మొత్తం కుప్పకూలాయి, సక్రమంగా కట్టేవాళ్లకు కూడా కొత్త అప్పు పుట్టలేదు. మా పక్క షాపు టైలరమ్మ మళ్లీ డైలీ ఫైనాన్స్ వాడి దగ్గరికే పోయింది. వాడికి ఏ ఆర్డినెన్సూ తగల్లేదు, వాడు రిజిస్టర్లోనే లేడు కదా.

#16 · హనుమకొండ_సునీత

ఎర్రబస్సన్నా, ఆ సంవత్సరం మా దిక్కు కూడా ఏజెంట్లు తిరిగిండ్రు. మా సంఘంల తీసుకున్నోళ్లు ఉన్నరు, లేరని అబద్ధం చెప్ప. కానీ అమ్మవాళ్ల పొదుపు సంఘంల బాకీలు ఆగలేదు. ప్రభుత్వం అప్పు మాఫీ చేస్తదని ఎవరూ ఎదురు చూడలేదు. మాఫీ చేస్తే పోయేది పక్కింటామె పొదుపే.

ప్రైవేటు కంపెనీ, సర్కారు బ్యాంకు మాకు రెండూ బయటివే. రెండింటికీ "కట్టకపోతే ఏమైతది" అనే ఆలోచన వస్తది. ఇక్కడ రాదు.

#17 · అర్థశాస్త్రం_మేడం

సునీత చెప్పినదానికి బడుల నుంచి ఒక ఉదాహరణ కలుపుతాను, ఎందుకంటే ఓచర్లు అనేది సర్కారు తగ్గాలనేవాళ్లకు బాగా ఇష్టమైన వ్యూహం. బడికి కాదు, పిల్లాడి చేతికి డబ్బివ్వు, ఇష్టమైన బడికి వెళ్తాడు, సర్కారు బడి దానంతటదే దారికొస్తుందని. దీన్ని ప్రపంచంలో బాగా జాగ్రత్తగా పరీక్షించిన చోట్లలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. 2008 నుంచి అయిదు జిల్లాల్లో 180 గ్రామాల్లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ లాటరీ వేసి ఓచర్లిచ్చారు. నాలుగేళ్ల తర్వాత చూస్తే లాటరీ తగిలిన పిల్లలకు, తగలనివాళ్లకు తెలుగు, లెక్కల మార్కుల్లో తేడా లేదు. హిందీలో మాత్రం బాగా ముందున్నారు, ఎందుకంటే సర్కారు ప్రాథమిక బడుల్లో హిందీ అసలు చెప్పరు. ప్రైవేటు బడుల్లో తెలుగు, లెక్కలకు ఇచ్చే టైమ్ తక్కువ. పిల్లాడి మీద వాళ్లు పెట్టే ఖర్చు సర్కారు బడిలో అయ్యేదాంట్లో మూడో వంతు కన్నా తక్కువ.

ఇప్పుడు మామ గారు "మూడో వంతు ఖర్చుతో అదే చదువు" అంటారు, ఎర్రబస్సు గారు "అదే చదువైతే మారడం ఎందుకు, చవక ఎందుకంటే టీచర్‌కు కూలి జీతం" అంటారు. ఇద్దరూ ఒకే పట్టిక చూసి అనేవే. నాకు కనబడింది వేరు. ఓచర్‌తో తల్లిదండ్రులు కస్టమర్లయ్యారు, నచ్చకపోతే బడి మారుస్తారు, అంతవరకే. వెన్న శాతం మీద సునీత వాళ్లమ్మ పెట్టుకునే కొట్లాట ఏ బడి గేటు దగ్గరా జరగలేదు.

#18 · ఎర్రబస్సు

చవకకు కారణం నా నోటితో మీరే చెప్పేశారు కాబట్టి నాకు పని తగ్గింది. జీతం పూర్తిగా ఇచ్చే సర్కారు బడి గేటు దగ్గర ఆ కొట్లాట పెట్టించే ఉపాయం ఉంటే చెప్పండి, నేనే ముందు వరసలో ఉంటా.

#19 · నిడుబ్రోలు_కుర్రాడు

ఇంత వస్తుందనుకోలేదు. నా అసలు గొడవ ఇప్పుడు చెప్తా. మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో చిన్న ఎత్తిపోతల సంఘం ఉంది, 1964 చట్టం కిందది. చాలాకాలంగా ఇన్‌చార్జి పాలనే. మోటారు కాలిపోతే రిపేరుకు కూడా ఫైలు కదలాలి. దీన్ని మ్యాక్స్‌లోకి మార్చుకోవచ్చా?

#20 · సహకారశాఖ_రిటైర్డ్

మార్చుకోవడానికి చట్టంలో దారి ఉంది. ముందు మీ తాజా ఆడిట్ రిపోర్టు తెప్పించండి. బ్యాలెన్స్ షీటులో అప్పుల వైపు "ప్రభుత్వ వాటాధనం" అన్న పద్దు చూడండి. అది తిరిగి కట్టేయాలి. ప్రభుత్వం హామీ ఉన్న అప్పులుంటే వాటి సంగతీ తేల్చుకోవాలి. ఆ తర్వాత సర్వసభ్య సమావేశంలో తీర్మానం, కొత్త నియమావళి, రిజిస్ట్రార్‌కు దరఖాస్తు. ఇన్‌చార్జి ఉన్నచోట సర్వసభ్య సమావేశం పిలిపించడమే అసలు కష్టం. సభ్యులు సంతకాలతో రాతపూర్వకంగా అడగండి, రసీదు తీసుకోండి, నోటిమాట మీద ఉండొద్దు.

#21 · డల్లాస్_మామ

తమ్ముడూ, ఆ వాటాధనం ఎంతో కనుక్కుని చెప్పు. లక్షో రెండు లక్షలో అయితే నేనే పంపిస్తా, రేపే కట్టిపారేయండి.

#22 · హనుమకొండ_సునీత

వద్దు మామా. మీరు కడితే మోటారు ఎప్పుడు వేయాలనేది మిమ్మల్నే అడగాల్సి వస్తది. ఆయకట్టు రైతులు ఎకరానికింత అని వేసుకుంటే మంచిగుంటది, ఒక పంట ఆలస్యమైనా సరే.

#23 · నిడుబ్రోలు_కుర్రాడు

అక్క చెప్పిందే కరెక్టు. ఆదివారం వెళ్లి ఆడిట్ రిపోర్టు అడుగుతా. సెక్రటరీ ఇస్తే ఇక్కడ పెడతా, ఇవ్వకపోతే అర్జీ ఎలా రాయాలో రిటైర్డ్ గారినే అడుగుతా.